పొలంలో దొరికిన పాత వెండి: చెంచా కాడ, గుండీ, మెరిసే స్పూను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు విషయం చెప్తాను. మీరు ఇంగ్లండ్‌లో, లెస్టర్‌షైర్‌లో ఉంటున్నారు. తెలిసిన రైతును అడిగి, దున్నిన పొలంలో మెటల్ డిటెక్టర్‌తో వెతికితే ఒకే రోజు మూడు వస్తువులు దొరికాయి. ఒకటి, వెనక చిన్న చిన్న ముద్రలున్న విరిగిన చెంచా కాడ. రెండోది, కిరీటం కింద రెండు గుండెల బొమ్మ ఉన్న చిన్న గుండీ. దాని మీద ముద్రలేవీ లేవు. మూడోది, అక్కడక్కడా పచ్చబడినా మిగతా అంతా తళతళలాడుతున్న పూర్తి స్పూను. ఇవి వెండేనా, ఎంత పాతవి, చింతపండు పెట్టి తోమమంటున్న మీ అత్తయ్యగారి మాట వినొచ్చా అని అడిగారు.

తోమడం గురించి అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే తొందర దానిదే. తోమకండి. చింతపండు వద్దు, విభూతి వద్దు, పళ్లపొడి వద్దు, అల్యూమినియం ఫాయిల్‌లో సోడా ఉప్పు వేసి ముంచడం అసలు వద్దు. మీ అత్తయ్యగారు చెప్పింది తప్పని కాదు. రోజూ వాడుకునే పూజ సామాను సంగతి వేరు, వందల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి సంగతి వేరు.

ఇక నేను చూసినంతలో విషయం ఇదీ. మీరు అన్నిటికంటే విలువైనదని అనుకున్న మెరిసే స్పూను వెండి కాదు. కాడ మంచి వెండే, దాదాపు 1810 నాటిది. ఏ ముద్రా లేదని మీరు పక్కన పెట్టిన గుండీయే మూడింటిలో పాతది. దాని విషయంలో మీకు చట్టప్రకారం ఒక గడువు కూడా ఉంది. ఎందుకలా అంటున్నానో ఒక్కొక్కటే చెప్తాను.

నా గురించి ఒక్క మాట. మా నాన్న కరీంనగర్‌లో వెండి తీగపని చేసేవారు. చిన్నప్పుడు మూసలో వెండి కరగడం చూస్తూ పెరిగాను. ఇంగ్లండ్ వచ్చాక పదిహేడేళ్లుగా ఈస్ట్ మిడ్‌లాండ్స్ పొలాల్లో డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్నాను. అయినా మొదట్లో చేసిన తప్పు ఇప్పటికీ బాధ పెడుతుంది. రెండో ఏడు నాకు ఒక పెన్నీ దొరికింది, మొదటి ఎడ్వర్డ్ రాజుది. ఈ రాజు 1279లో నాణేలన్నీ కొత్తగా కొట్టించాడు. ఆ పెన్నీలకు ఒక వైపు రాజు తల, ఇంకో వైపు పొడవాటి శిలువ చుట్టూ అది ఏ ఊరి టంకశాలలో తయారైందో రాసి ఉంటుంది. నాది బూడిద రంగులో, బియ్యపుపిండి అంటుకున్నట్టు ఉంది. ఇంట్లో అలవాటు కొద్దీ విభూతితో రుద్దాను. తెల్లగా మెరిసింది. కానీ 'నగరం' అనే అర్థం వచ్చే లాటిన్ మాట మిగిలింది, ఊరి పేరు పోయింది. ఏడు వందల ఏళ్లు మట్టి దాచిన పేరును నా బొటనవేలు రెండు నిమిషాల్లో చెరిపేసింది.

అలా ఎందుకు జరుగుతుందంటే, పాత వెండి వస్తువుల్లో గట్టిదనం కోసం రాగి కలుపుతారు. మట్టిలో ఉన్నకొద్దీ పై పొరల్లోని రాగి తినేయబడుతుంది. అందుకే ఒక్కోసారి వెండి మీద పచ్చటి పొర కనిపిస్తుంది. గంధకం తగిలిన చోట వెండి నల్లబడుతుంది. ఉప్పు గుణం ఉన్న నేలలో వెండి క్లోరైడ్ ఏర్పడి బూడిద రంగు, ఒక్కోసారి లేత ఊదా రంగు పొర పడుతుంది. చాలాసార్లు అక్షరాలు, బొమ్మలు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. పొరను గీకేస్తే వాటిని కూడా గీకేసినట్టే. పైగా లోపల లోహం పెళుసుగా మారిపోతుంది. వంగిన వస్తువును సరిచేద్దామని నొక్కితే అప్పడంలా విరుగుతుంది. అందుకని మట్టి వదలడానికి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, దానంతట అది ఆరేదాకా ఆగండి. తర్వాత జిప్ ఉన్న చిన్న పాలిథీన్ సంచిలో విడివిడిగా పెట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టకండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లగా చేస్తుంది.

ఇప్పుడు కాడ సంగతి. దీన్ని చూస్తే నాకు నిజంగా సంతోషం వేసింది, ఎందుకంటే హాల్‌మార్క్ చదవడం ఎలాగో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ముక్క దొరకదు. మన దగ్గర బంగారం మీద బీఐఎస్ ముద్ర చూసి కొనడం ఈమధ్య అలవాటైంది. ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి 1300లోనే మొదలైంది. లండన్‌లో పరీక్షించి సరైన వెండి అని తేల్చిన వస్తువు మీద చిరుతపులి తల కొట్టాలని ఆ ఏడాది రాజు శాసనం చేశాడు. తర్వాత ఒక్కొక్క ముద్రే చేరుతూ వచ్చింది. ఒక్కో ముద్ర ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. అన్నీ కలిపి చదివితే వస్తువు పుట్టిన ఊరు, ఏడు, చేసినవాళ్ల పేరు దాకా వెళ్లొచ్చు.

మీ కాడ మీద నాకు కనిపించినవి ఇవి. ఎడమకు నడుస్తున్న సింహం, దాని ముఖం మన వైపు తిరిగి ఉంది. కిరీటం పెట్టుకున్న చిరుతపులి తల. కుడివైపు చూస్తున్న మగమనిషి తల. క్యాపిటల్ 'పి' అక్షరం. వీటికి కాస్త ఎడంగా అరిగిపోయిన పేరు పొడి అక్షరాలు, పై వరుస 'పి బి' అని చదవొచ్చు, కింది వరుసలో ఏదో ఉంది.

సింహం ఉంటే అది స్టెర్లింగ్ వెండి, అంటే వెయ్యికి 925 పాళ్లు. 1544 నుంచి లండన్‌లో ఈ గుర్తు ఉంది. చిరుతపులి తల లండన్‌ది. ఆ తలకు కిరీటం 1821 దాకానే ఉంది, ఆ ఏడాది తీసేశారు. సింహం కూడా లండన్‌లో 1821 దాకా ముఖం మన వైపు తిప్పి ఉంటుంది, ఆ తర్వాత నడుస్తున్న వైపే చూస్తుంది. అంటే ఈ రెండు గుర్తుల్తోనే మీ కాడ 1821కి ముందుదని తేలిపోయింది. ఇక రాజు తల. అది సుంకం కట్టిన గుర్తు. 1784 డిసెంబరు నుంచి 1890 దాకా వెండి మీద పన్ను కట్టారని చూపడానికి రాజుదో రాణిదో తల కొట్టేవారు. మూడో జార్జి తల మొదటి ఏడాదిన్నర లోపలికి దిగినట్టు ఎడమవైపు చూస్తూ ఉంటుంది, 1786 నుంచి ఉబ్బెత్తుగా కుడివైపు చూస్తుంది. మీది కుడివైపు చూస్తోంది. కాబట్టి 1786కీ 1821కీ మధ్య.

ఇప్పుడు అక్షరం. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. లండన్‌లో ఏడాదికో అక్షరం చొప్పున ఇరవై అక్షరాలు వాడేవారు, 'ఎ' నుంచి 'యు' దాకా, మధ్యలో 'జె' వదిలేసి. ఇరవై ఏళ్లు అయ్యాక అక్షరం రాసే తీరు మార్చి మళ్లీ 'ఎ'తో మొదలుపెట్టేవారు. చిన్నబడి అక్షరాలు 1776లో మొదలయ్యాయి, క్యాపిటల్ అక్షరాలు 1796లో, మళ్లీ చిన్నబడి 1816లో. అందుకని 'పి' అని ఒక్క అక్షరం చూసి ఏడాది చెప్పకూడదు. మనకు 1786-1821 అని హద్దు ముందే దొరికింది. ఆ హద్దులో క్యాపిటల్ 'పి' ఒక్కసారే వస్తుంది, 1810లో. ఈ అక్షరం మే నెలలో మారేది కాబట్టి 1810-11 అనడం ఇంకా సరైనది. ఇంకో మాట, ఇవే అక్షరాలు బర్మింగ్‌హామ్‌లో వేరే ఏడాదిని చెబుతాయి, షెఫీల్డ్‌లో మరో ఏడాదిని. ముందు ఊరు తేల్చుకోకుండా అక్షరాల పట్టిక తెరవకండి.

ఏడు తేలింది కాబట్టి అరిగిపోయిన పేరును కూడా పట్టుకోవచ్చు. 'పి బి' అంటే పీటర్ బేట్‌మన్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ ఇంటి ముద్రలు ఇలా మారాయి: 1791 నుంచి పీటర్, తమ్ముడి భార్య ఆన్ కలిసి రెండు వరుసలు. 1800 నుంచి ఆన్ కొడుకు విలియం కూడా చేరి మూడు వరుసలు. 1805 నుంచి 1815 దాకా పీటర్, విలియం ఇద్దరే, మళ్లీ రెండు వరుసలు. మీది రెండు వరుసలు, ఏడు 1810. కాబట్టి కింద అరిగింది 'డబ్ల్యూ బి' అయి ఉండాలి. పక్క నుంచి టార్చి వెలుగు వేసి, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో ఒకసారి చూడండి. 'డబ్ల్యూ' మొదటి గీత ఏటవాలుగా కనిపించాలి.

ఈ ఇంటి గురించి కాస్త చెప్పకుండా ఉండలేను. పీటర్ తల్లి హెస్టర్ బేట్‌మన్. భర్త 1760లో చనిపోతే, మరుసటి ఏడాది తన సొంత పేరు ముద్ర నమోదు చేయించుకుని లండన్‌లో పని నడిపింది. 1790లో పని మానుకునేదాకా ఆమె ముద్రతో చెంచాలు, టీ పాత్రలు లెక్కలేనన్ని బయటికొచ్చాయి. ఆమె తర్వాత కొడుకులు, కోడలు, మనవడు. కోడలు ఆన్ కూడా భర్త పోయాకే ముద్రలో తన పేరు చేర్చింది. మా ఇంట్లో తీగ సాగదీసే పని, అతుకులు పెట్టే పని సగం మా అమ్మ చేసేది, కానీ ఏ వస్తువు మీదా ఆమె పేరు లేదు. అందుకే 'హెచ్ బి' అనే వంకర అక్షరాలు మొదటిసారి చేతిలోకి వచ్చిన రోజు చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

కాడ మీద ముద్రలు పై చివర దగ్గర ఉన్నాయి కదా, అది కూడా కాలానికి సరిపోతుంది. దాదాపు 1780 దాకా ముద్రలు చెంచా గిన్నెకు దగ్గరగా, సన్నటి కాడ మీద ఇరుగ్గా కొట్టేవారు. వాటిలో చాలా ముద్రలు సాగి నలిగిపోయి ఉంటాయి. తర్వాత వెడల్పుగా ఉన్న పై భాగానికి మారారు. చిన్న టీ స్పూన్ల మీద ఊరి గుర్తు లేకపోవడం కూడా మామూలే, అలాంటిది దొరికితే దొంగ వెండి అనుకోకండి.

మిగతా ఊళ్ల గుర్తులు మీకు ముందు ముందు పనికొస్తాయి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. కిరీటం ఒక్కటే విడిగా ఉంటే షెఫీల్డ్, ఆ ఊరు 1975 నుంచి గులాబీకి మారింది. ఈ రెండు ఊళ్లకూ 1773లోనే పరీక్షశాలలు వచ్చాయి. మూడు బురుజుల కోట ఎడిన్‌బరో. మూడు గోధుమ పనలు, మధ్యలో కత్తి ఉంటే చెస్టర్. చెట్టు, చేప, గంట, పిట్ట కలిసి ఉంటే గ్లాస్గో. 'స్టెర్లింగ్' అని మాట మొత్తం రాసి ఉంటే అమెరికా వెండి అయ్యే అవకాశం ఎక్కువ. నెలవంక, కిరీటం, పక్కన 800 ఉంటే 1888 తర్వాతి జర్మనీ వెండి.

మూడో వస్తువు, మెరిసే స్పూను. దాని వెనక నాలుగు చిన్న డాళ్లలో నాలుగు గుర్తులున్నాయి, అవి హాల్‌మార్కులే అనుకున్నారు. దగ్గరగా చూడండి, అవి బొమ్మలు కావు, వంకరగా రాసిన అక్షరాలు: ఇ, పి, ఎన్, ఎస్. నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వెండి పూత వేశారని అర్థం. నికెల్ సిల్వర్ అని పేరే గానీ అందులో వెండి రవ్వంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. మన ఊళ్లలో జర్మన్ సిల్వర్ అని అమ్మేది ఇదే. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో ఈ పూత పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక ఇలాంటి స్పూన్లు ఇంటింటికీ చేరాయి. దూరం నుంచి అసలు ముద్రల్లా కనిపించాలనే అక్షరాలను అలా డాళ్లలో పెట్టేవారు. మీ స్పూను పచ్చబడిన చోట పూత పోయి లోపలి రాగి బయటపడింది. పారేయకండి, 1900 చుట్టుపక్కల ఒక ఇంటి భోజనాల బల్ల మీద ఉన్న వస్తువు అది. కానీ వెండి కాదు.

ముద్రలు లేని ముక్క దొరికినప్పుడు ఏం చేయాలని అడుగుతారు. మన కంసాలులు గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేస్తారు. పొలంలో దొరికిన వస్తువు మీద ఆ పని చేయకండి, మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. నేను ఇంట్లో వాడేది సాంద్రత పరీక్ష. 0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు, ఒక గ్లాసు నీళ్లు, దారం చాలు. వస్తువును ముందు మామూలుగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును త్రాసు మీద పెట్టి సున్నాకు తెచ్చి, వస్తువును దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుక్కి తగలకూడదు. ఇప్పుడు త్రాసు చూపే అంకెతో మొదటి బరువును భాగించండి. ఉదాహరణకు కాడ 14.52 గ్రాములు ఉండి, నీళ్లలో వేలాడదీసినప్పుడు 1.40 చూపిస్తే జవాబు 10.37. స్టెర్లింగ్ వెండి అక్కడే, 10.3, 10.4 మధ్య వస్తుంది. నికెల్ సిల్వర్ 8.7 దగ్గర ఆగుతుంది. తగరం ఎక్కువున్న ప్యూటర్ 7.3, సీసం 11.3.

మొదటిసారి చేసేటప్పుడు చేయి కుదరదు. ఇంట్లో పాత విక్టోరియా రూపాయి ఉంటే ముందు దానితో అలవాటు చేసుకోండి. సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు, వెయ్యికి 917 పాళ్ల వెండి. అరగని రూపాయి అయితే నీళ్లలో 1.13 దగ్గర చూపించాలి. గాలి బుడగలు అంటుకున్నా, మట్టి మిగిలినా లెక్క తప్పుతుంది. ఒక్క గ్రాము బరువున్న మీ గుండీకి మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. నీళ్లలో అది 0.10 చూపిస్తుంది, అందులో 0.01 అటూ ఇటూ అయితే వెండి కాస్తా రాగి అయిపోతుంది, లేదా సీసం అవుతుంది. అలాంటి చిన్న వస్తువులకు పరీక్ష కన్నా బొమ్మే ఎక్కువ చెబుతుంది.

డిటెక్టర్ చూపించిన అంకెను బట్టి వెండి అని తేల్చకండి. పెద్ద రాగి పెన్నీ కూడా వెండిలాగే ఎక్కువ అంకె చూపిస్తుంది. గోరంత పల్చటి పాత వెండి నాణెం ఒక్కోసారి చాక్లెట్ రేకు చూపించినంతే చూపిస్తుంది. తక్కువ అంకె అని తవ్వకుండా వదిలేసినవాళ్లు మంచివి ఎన్నో వదిలేశారు.

ఇక ఆ గుండీ. ఇది గుండీ కాదు, కఫ్‌లింక్‌లో (చొక్కా చేతుల అంచులు కలిపి పెట్టే జత గుండీలో) సగం అనుకుంటున్నాను. పల్చటి వెండి రేకు మీద అచ్చు కొట్టి చేస్తారు. కిరీటం కింద రెండు గుండెల బొమ్మను 1662లో జరిగిన రెండో చార్లెస్ రాజు, పోర్చుగల్ రాజకుమారి కేథరీన్ పెళ్లితో ముడిపెడతారు. ఆ పెళ్లి తర్వాత ఈ బొమ్మ ఉన్న కఫ్‌లింకులు జనం చాలామంది పెట్టుకున్నారు, ఇంగ్లండ్ పొలాల్లో ఇవి అప్పుడప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. మనకు ఈ పెళ్లితో సంబంధం ఉంది. కేథరీన్ కట్నంలో భాగంగానే పోర్చుగీసువాళ్ల చేతిలోని బొంబాయి ఇంగ్లండ్ రాజుకు వచ్చింది. దాన్ని ఆయన 1668లో ఏడాదికి పది పౌన్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. మీ అరచేతిలో ఉన్న గోరంత రేకు ఆ పెళ్లి గుర్తు.

ముద్ర లేదని దాన్ని తక్కువ చేయకండి. ఇంత చిన్న వస్తువుల మీద ముద్రలు కొట్టకపోవడం ఎక్కువ. గుండీలు, కొక్కేలు, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే పాత అంగుష్ఠానాలు ఇలాంటివే. హాల్‌మార్క్ ఉంటే వెండి అని చెప్పొచ్చు గానీ, హాల్‌మార్క్ లేదు కాబట్టి వెండి కాదని చెప్పడానికి వీల్లేదు.

ఇప్పుడు చట్టం. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు 1996 నాటి ట్రెజర్ చట్టం ఉంది. నాణెం కాని వస్తువు మూడు వందల ఏళ్లు దాటి, బరువులో కనీసం పదో వంతు వెండి లేదా బంగారం ఉంటే అది ట్రెజర్, అంటే చట్టం దృష్టిలో నిధి. దొరికిన రోజు నుంచి, లేదా ట్రెజర్ కావచ్చని మీకు తెలిసిన రోజు నుంచి 14 రోజుల్లోగా కరోనర్‌కు, అంటే ఇలాంటి వాటిపై విచారణ జరిపే అధికారికి, తెలియజేయాలి. తెలిసి దాచిపెడితే మూడు నెలల దాకా జైలు, జరిమానా. మీ కాడ 1810ది కాబట్టి మూడు వందల ఏళ్లు నిండలేదు. 2023లో రెండు వందల ఏళ్లు దాటిన అరుదైన వస్తువుల కోసం కొత్త నిబంధన తెచ్చారు, కానీ అది అసాధారణమైన వాటికి, ఇలాంటి మామూలు చెంచా కాడకు కాదు. కఫ్‌లింక్ మాత్రం మొదటి నిబంధనలోకే వస్తుంది. ఈ జవాబు చదివాక మీకు తెలియదని చెప్పడానికి లేదు, ఈరోజు నుంచే లెక్కపెట్టుకోండి.

టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ ఆంటిక్విటీస్ స్కీమ్ తరఫున ఆయా ప్రాంతాలకు ఫైండ్స్ లైజన్ ఆఫీసర్ ఉంటారు. వాళ్లకు మెయిల్ పెడితే కరోనర్‌కు తెలియజేసే పని దగ్గరుండి చేయిస్తారు. నేను కలిసినవాళ్లు ప్రతి ఒక్కరూ ఓపికగా, ఇష్టంగా చూసి చెప్పారు. ఏదైనా మ్యూజియం కావాలంటే విలువ కట్టి ఇస్తారు, ఆ డబ్బు మామూలుగా దొరికిన మనిషికీ భూమి యజమానికీ పంచుతారు. ఎవరూ వద్దంటే వస్తువు తిరిగి వస్తుంది. ఇలాంటి కఫ్‌లింకులు చాలా వరకు తిరిగే వస్తాయి. కానీ దొరికిన చోటు నమోదవుతుంది, నాకు అదే ముఖ్యం. రైతుకు మాత్రం ఈరోజే ఫోన్ చేసి మూడింటి గురించీ చెప్పండి. స్కాట్లండ్‌లో నిబంధన వేరు, అక్కడ ఏ పాత వస్తువు దొరికినా తెలియజేయాల్సిందే.

ఈ మూడు వందల ఏళ్ల లెక్కలో జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. 1697 నుంచి 1720 దాకా ఇంగ్లండ్‌లో వెండి ప్రమాణం పెంచారు, వెయ్యికి 958 పాళ్లు. నాణేలు కరిగించి గిన్నెలు, చెంచాలు చేసుకోవడం ఆపడానికి ఆ పని చేశారు. ఆ కాలం వస్తువుల మీద సింహం, చిరుతపులి ఉండవు, కూర్చున్న బ్రిటానియా దేవి బొమ్మ, మెడ దగ్గర చింపినట్టున్న సింహం తల ఉంటాయి. అలాంటి ముక్క దొరికితే అది మూడు వందల ఏళ్లు దాటినదే కావచ్చు. కావచ్చు అని ఎందుకంటున్నానంటే, 1720 తర్వాత కూడా ఇష్టమైనవాళ్లు ఆ ప్రమాణంలో చేస్తూనే ఉన్నారు. ఏడాది అక్షరం చూసే తేల్చాలి.

నాణేలకు లెక్క వేరు. ఒక్క పాత వెండి నాణెం విడిగా దొరికితే ట్రెజర్ కాదు, ఒకే చోట రెండు దొరికితే అవుతుంది. నాణేన్ని లాకెట్‌గానో బ్రూచ్‌గానో మార్చి ఉంటే దాన్ని వస్తువుగా లెక్కేస్తారు. 'ఎస్' ఆకారంలో వంచిన మూడో విలియం రాజు కాలపు సిక్స్‌పెన్స్ (ఆరు పెన్నీల వెండి నాణెం) దొరికితే సరిచేయకండి, నాగలి తగిలి వంగింది కాదది. ప్రేమ గుర్తుగా ఇచ్చుకోవడానికి చేత్తో వంచినవి అవి. ఇంగ్లండ్ మామూలు వెండి నాణేల్లో 1919 దాకా స్టెర్లింగ్, 1920 నుంచి 1946 దాకా సగం వెండి, 1947 నుంచి వెండి లేదు. ఏడాది చదవగలిగితే ఇంక ఏ పరీక్షా అక్కర్లేదు.

పాత వెండి ఒకటి దొరికాక, పక్కనే ఇంకొకటి, మరొకటి వస్తుంటే తవ్వడం ఆపేయండి. 1992లో సఫోక్‌లోని హాక్స్‌న్‌లో ఎరిక్ లాస్ అనే ఆయన రైతు పోగొట్టుకున్న సుత్తి వెతకడానికి వెళ్లారు. నాణేలు, వెండి చెంచాలు బయటపడటం మొదలవగానే ఆగి, అధికారులకు కబురు పెట్టారు. మర్నాడు పురావస్తు శాఖవాళ్లు వచ్చి రోమన్ కాలం నాటి దాదాపు 15 వేల నాణేలు, వెండి బంగారు వస్తువులు పెట్టెలో ఎలా సర్ది ఉన్నాయో తెలిసేలా తీశారు. అందులో వెండి మిరియాల డబ్బాలు నాలుగున్నాయి. రోమ్‌కు మిరియాలు మన దేశం నుంచే వెళ్లేవి. ఆయన ఆ రోజు ఆత్రంతో అన్నీ తవ్వేసి ఉంటే పెట్టె సంగతి మనకు తెలిసేదే కాదు. ఆ సుత్తి కూడా దొరికింది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

సంక్రాంతికి ఊరెళ్తూ డిటెక్టర్ తీసుకెళ్లొచ్చా అని చివర్లో అడిగారు. వద్దండీ. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి, చెప్పకపోతే ఏడాది దాకా జైలు పడొచ్చు. రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం వేరే నేరం. ఇక్కడున్నట్టు వస్తువు చూసి నమోదు చేసే ఏర్పాటు అక్కడ లేదు. ఇక్కడ కూడా షెడ్యూల్డ్ మాన్యుమెంట్ల (చట్టం రక్షించే పురాతన స్థలాల) మీద అనుమతి లేకుండా డిటెక్టర్ వాడకూడదు. మీ రైతు పొలంలో అలాంటి హద్దులేమైనా ఉన్నాయేమో మ్యాపులో చూసుకోండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది, మూడు వస్తువులు దొరికిన చోట్లు విడివిడిగా రాసి పెట్టుకోవడం. ఫోన్‌లో గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో ఆ చోటును చూపే అంకెలు) ఎనిమిది లేదా పది అంకెల దాకా తీసుకోండి. జ్ఞాపకం చెదరకముందే రాయండి, రెండు వారాలకు పొలం అంతా ఒకేలా కనిపిస్తుంది. తర్వాత కఫ్‌లింక్ వెనక వైపు ఫొటో ఒకటి పెట్టండి, పక్కన స్కేలు పెట్టి, కిటికీ వెలుగులో. వెనక ఉన్న చిన్న కొక్కెం పూర్తిగా ఉందా, మధ్యలో తెగిందా చూడాలి. తెగి ఉంటే దాని జత సగం ఆ పొలంలోనే ఎక్కడో ఉండొచ్చు.